గజ్జల్లో వాపు, లోపల మూత్రాశయం: నా అనుభవం

గజ్జల్లో వాపు కనిపిస్తే మా గోదావరి జిల్లాల్లో సాధారణంగా వినిపించే మాటలు రెండే. పేగు జారిందంటారు, లేదా వరిబీజమంటారు. నాకు వచ్చిన వాపు ఈ రెండింటిలో ఏదీ కాదు. కుడి గజ్జలోని సన్నని దారి వెంట నా మూత్రాశయంలో కొంత భాగం కిందికి జారి, వృషణాల సంచిలోకి దిగింది. వైద్యులు దీన్ని ఇంగ్వైనల్ బ్లాడర్ హెర్నియా అంటారు. గజ్జల్లో వచ్చే హెర్నియాల్లో మూత్రాశయం కూడా జారేవి నూటికి ఒకటి నుంచి నాలుగు దాకా ఉంటాయని, అందులో సంచి దాకా దిగేవి ఇంకా తక్కువని, చాలామందిలో ఈ సంగతి ఆపరేషన్ బల్ల మీదే బయటపడుతుందని నాకు వైద్యం చేసిన సర్జన్ చెప్పారు. నా విషయంలో అది ముందే తెలిసింది. తెలియడానికి దారితీసిన లక్షణం చాలా చిన్నది, నలుగురిలో చెప్పుకోవడానికి మొహమాటపడేది. అదే లక్షణంతో మరెవరైనా ఇబ్బంది పడుతూ, ఇది వయసుతో వచ్చేదేలే అని ఊరుకుంటున్నారేమోనన్న ఆలోచనతో ఇదంతా వివరంగా రాస్తున్నాను.

నేను భీమవరం దగ్గర జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. వయసు 64. వాపు మొదట్లో సాయంత్రాలు మాత్రమే కనిపించేది. పడుకుంటే తగ్గేది, ఉదయం లేచేసరికి దాదాపు ఉండేది కాదు. నొప్పి లేదు గానీ, బరువుగా కిందికి లాగుతున్నట్టు ఉండేది. దానితో పాటే మూత్రం విషయంలో మార్పులు వచ్చాయి. ధార సన్నబడింది, రాత్రిళ్లు లేవాల్సి వచ్చేది. వాటికంటే విచిత్రమైన సంగతి మరొకటి ఉంది. మూత్రం పోసి అయిపోయిందనుకున్నాక కూడా ఇంకా మిగిలినట్టే అనిపించేది. అలాగే కాసేపు నిలబడి, వాపును అరచేత్తో పైకి ఒత్తితే మళ్లీ ధార వచ్చేది. ఆ తర్వాత వాపు మెత్తబడి చిన్నదయ్యేది. ఈ రెండు విడతల మూత్ర విసర్జనే నా జబ్బుకు అసలు గుర్తు. ఆ రోజుల్లో నన్ను చూసిన వాళ్లెవరూ దాని గురించి అడగలేదు. మూత్రానికీ గజ్జలో వాపుకూ సంబంధం ఉండవచ్చన్న ఆలోచన నాకూ రాలేదు.

మూత్రం ఇబ్బందికి మా ఊరి ఫిజీషియన్ ప్రొస్టేట్, అంటే మగవారిలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి, పెరిగిందని చెప్పి టామ్సులోసిన్ బిళ్లలు రాశారు. అది సరైన మందే, ఈనాటికీ వాడుతున్నాను. వాపు సంగతి వేరేగా నడిచింది. పట్టణంలోని ఒక స్కానింగ్ కేంద్రంలో అల్ట్రాసౌండ్ తీసి, కుడివైపు సంచిలో నీరు ఉందనీ, అది హైడ్రోసీల్, అంటే వరిబీజం అనీ రిపోర్టు ఇచ్చారు. అలా రాయడానికి కారణం లేకపోలేదు. మా ప్రాంతం ఫైలేరియాకు పేరుపడినది. బోదకాళ్లు, వరిబీజం ఇక్కడ ఏ వీధిలో అడిగినా తెలిసిన జబ్బులే. స్కానింగ్‌లో మూత్రమైనా, వరిబీజంలోని నీరైనా నల్లగా ఒకేలా కనిపిస్తుంది. టార్చిలైటు ఆనించి చూసినా, నీటితో నిండినది ఏదైనా కాంతిని కొంత దాటనిస్తుంది. ఆ రిపోర్టు చూసి, సూదితో నీరు లాగేస్తే సరిపోతుంది, ఆపరేషన్ దాకా ఎందుకని సలహా ఇచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఆ సూది గుచ్చి ఉంటే అది నేరుగా మూత్రాశయం గోడలోకి దిగేదని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అప్పుడు వద్దన్నది మా ఆవిడ. నీరు తీయించుకున్నవాళ్లకు మళ్లీ మళ్లీ చేరడం ఆమె తన పుట్టింటివాళ్లలో చూసింది. ఏదైనా సర్జన్ చేతే చేయించుకోవాలని గట్టిగా పట్టుబట్టింది.

ఇంతలో చలిజ్వరం వచ్చింది. వణుకు, మూత్రంలో మంట, కుడివైపు నడుము పైభాగంలో నొప్పి, అన్నీ ఒక్కసారే వచ్చాయి. మా అబ్బాయి నన్ను కారులో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాడు. జ్వరానికి మందులు మొదలుపెట్టాక, వాపు సంగతి చూడమని అక్కడి సర్జన్‌కు అప్పగించారు.

ఆయన పరీక్ష చేసిన తీరు చెప్పుకోదగ్గది. ముందు నన్ను నిలబెట్టి దగ్గమన్నారు. తర్వాత వాపు పైఅంచును వేళ్లతో పట్టుకోవడానికి ప్రయత్నించారు. వరిబీజమైతే వాపు సంచిలోనే మొదలై సంచిలోనే ముగుస్తుంది కాబట్టి, దానికి పైన వేళ్లు కలుస్తాయి. పొట్టలోంచి దిగిన వాపైతే పైఅంచు అందదు, పైకి పొట్ట దాకా కొనసాగుతూనే ఉంటుంది. నాకు అందలేదు. అప్పుడు ఆయన, "మాస్టారూ, మూత్రం పూర్తయ్యాక మళ్లీ వస్తుందా? ఈ వాపును నొక్కితే వస్తుందా?" అని అడిగారు. అవునండీ అన్నాను. ఇంకేమీ మాట్లాడకుండా, బాత్రూముకు వెళ్లి మూత్రం పోసి రమ్మన్నారు. వచ్చాక మళ్లీ నిలబెట్టి చూస్తే వాపు మునుపటికంటే సగం కూడా లేదు. ఆయన కేస్ షీట్ పైభాగంలో ఒక వాక్యం రాసి, దాని కింద గీత గీశారు. ఏ యంత్రమూ లేకుండా, ఒక ప్రశ్నతోనూ ఒక బాత్రూము తలుపుతోనూ రోగనిర్ధారణ మూడొంతులు పూర్తయింది. ఇన్నేళ్లు పిల్లలకు పరిశీలన విలువ గురించి చెప్పిన నాకు ఆ క్షణంలో ఆయన మీద కలిగిన గౌరవం మాటల్లో చెప్పలేను.

మిగిలిన పని పరీక్షలది. అల్ట్రాసౌండ్ మళ్లీ తీశారు. ఈసారి మూత్రం నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, పోసి వచ్చాక ఒకసారి చూశారు. సంచిలో ఉన్న నీటికీ పొట్టలో ఉన్న మూత్రాశయానికీ మధ్య సన్నటి దారి కనిపించింది. పోసి వచ్చాక కూడా లోపల 190 మిల్లీలీటర్ల మూత్రం మిగిలే ఉంది. కుడి మూత్రపిండం ఉబ్బి ఉంది. దీనికి హైడ్రోనెఫ్రోసిస్ అని పేరు. మూత్రాశయం జారినప్పుడు, మూత్రపిండం నుంచి వచ్చే నాళం దానితోపాటు లాగబడి వంగిపోవచ్చు. మూత్రం వెనక్కి తన్ని, మూత్రపిండాన్ని నెమ్మదిగా దెబ్బతీస్తుంది. మూత్రపిండాల పనితీరు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 1.9 చూపించింది. గజ్జలో నొప్పిలేని వాపు మూత్రపిండాల దాకా వెళ్తుందని జీవశాస్త్రం చెప్పిన నేను కూడా ఊహించలేదు. మూత్రంలో సూక్ష్మజీవులను పెంచి చూసే కల్చర్ పరీక్షలో ఈ.కోలై అనే బ్యాక్టీరియా పెరిగింది. ప్రొస్టేట్ క్యాన్సర్ అనుమానం ఉందేమో చూసే పీఎస్ఏ రక్తపరీక్ష మామూలుగానే వచ్చింది.

క్రియాటినిన్ అలా ఉండగా రక్తనాళంలోకి రంగుమందు ఎక్కించి సీటీ తీయడం మంచిది కాదన్నారు. అందుకని ముందు గొట్టం, అంటే ఫోలీ కాథెటర్ వేశారు. మూత్రం నిలవకుండా ఎప్పటికప్పుడు గొట్టానికి తగిలించిన ప్లాస్టిక్ సంచిలోకి పోతుంటే మూత్రపిండం మీద ఒత్తిడి తగ్గుతుంది. ఇన్ఫెక్షన్‌కు కల్చర్ చూసి ఇంజెక్షన్లు ఇచ్చారు. హెర్నియాకు అమర్చేది ప్లాస్టిక్ వల కాబట్టి, సూక్ష్మజీవులు ఉన్న చోట దాన్ని పెడితే అది జీవితాంతం బాధపెడుతుందని, మూత్రం శుభ్రమయ్యేదాకా ఆపరేషన్ మాట ఎత్తవద్దని సర్జన్ ఖండితంగా చెప్పారు. తొందరపెట్టిన మా బంధువులకు ఈ సంగతి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు చాలా ఓపిక పట్టింది. వారం దాటేసరికి క్రియాటినిన్ 1.3కు దిగింది.

తర్వాత సిస్టోగ్రామ్ తీశారు. ఇందులో రంగుమందును రక్తంలోకి కాకుండా కాథెటర్ ద్వారా మూత్రాశయంలోకే పంపుతారు కాబట్టి మూత్రపిండాలకు భారం పెద్దగా ఉండదు. ఎక్స్‌రే గదిలో బల్ల మీద పడుకోబెట్టి, స్టాండుకు తగిలించిన సీసాలోంచి సెలైన్‌లో కలిపిన మందును మెల్లగా వదిలారు. పొత్తికడుపులో చల్లదనం, ఆ వెంటనే మూత్రం ఆపుకోలేని ఒత్తిడి. పడుకుని ఒక ఫిల్మ్, నిలబడి ఒకటి, ముక్కుతూ మరొకటి తీశారు. నిలబడ్డప్పుడు తెర మీద చూసిన ఆకారం నా కళ్లలో ముద్రపడిపోయింది. నడుము సన్నగా ఉన్న ఆనపకాయ బుర్రలా పైన ఒక ఉబ్బు, గజ్జ దగ్గర సన్నటి మెడ, కింద సంచిలో మరో ఉబ్బు. ముక్కినప్పుడు పై ఉబ్బు చిన్నదై కింది ఉబ్బు పెద్దదైంది. నేను రెండు విడతలుగా మూత్రం ఎందుకు పోస్తున్నానో ఆ ఒక్క బొమ్మలో అర్థమైంది. మొదటి విడతలో పైభాగం ఖాళీ అవుతోంది. నొక్కినప్పుడు కిందిది పైకి వచ్చి అదీ ఖాళీ అవుతోంది. చివరగా, రంగుమందు లేకుండానే సీటీ తీసి, జారిన భాగంలో రాళ్లు లేవనీ, పేగు తోడుగా దిగలేదనీ నిర్ధారించుకున్నారు. నిలవ ఉన్న మూత్రంలో రాళ్లు కట్టడం ఈ జబ్బులో తెలిసిన చిక్కే.

ఆపరేషన్‌కు ముందురోజు సర్జన్ మంచం దగ్గర కూర్చుని, నేను జీవశాస్త్రం మాస్టారినని తెలిసి, కాగితం మీద బొమ్మ గీసి వివరించారు. గజ్జలో పొట్ట కండరాల పొరల మధ్య సుమారు 4 సెంటీమీటర్ల పొడవున్న ఏటవాలు దారి ఒకటి ఉంటుంది. మగవారిలో వృషణానికి వెళ్లే నాళాలు ఆ దారినే పోతాయి. వయసుతో దాని వెనక గోడ సడలుతుంది. ప్రొస్టేట్ అడ్డుపడటంతో ముక్కి మూత్రం పోసేవారిలో ఆ గోడ మీద ఒత్తిడి పెరుగుతుంది. మామూలు హెర్నియాలో పేగును పొట్ట లోపలి పొర ఒక సంచిలా చుట్టుకుని వస్తుంది. సర్జన్ ముందుగా వెతికేది ఆ సంచినే. మూత్రాశయం మాత్రం ఆ పొరకు బయట ఉండే అవయవం. అందువల్ల చాలాసార్లు అది సంచి పక్కన, కొవ్వు కప్పుకుని, పొర అడ్డు లేకుండానే దిగుతుంది. సంచి అనుకుని కత్తెర వేస్తే తెగేది మూత్రాశయమే. ముందే తెలియడం వల్ల కలిగే లాభమంతా అక్కడే ఉందని ఆయన చెప్పారు.

ఆ సంభాషణలోనే ఆయన గజ్జ హెర్నియాలో దొరికే ఇతర అరుదైన సంగతులు కొన్ని చెప్పారు. 1735లో లండన్‌లోని సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో క్లాడియస్ అమయాండ్ అనే సర్జన్ 11 ఏళ్ల బాలుడి హెర్నియా విప్పితే అందులో అపెండిక్స్ ఉందట. పిల్లవాడు మింగిన గుండుసూది దానికి చిల్లు పెట్టింది. దాన్ని తొలగించారు, బాలుడు బతికాడు. చరిత్రలో నమోదైన తొలి విజయవంతమైన అపెండిక్స్ తొలగింపు అదేనట. అందుకే అపెండిక్స్ దిగిన హెర్నియాకు నేటికీ ఆయన పేరే ఉంది. ఇంకొకటి రిక్టర్ హెర్నియా. అందులో పేగు చుట్టుకొలత మొత్తం కాకుండా గోడలో ఒక పక్క మాత్రమే ఇరుక్కుంటుంది. పేగు దారి మూసుకుపోదు కాబట్టి విరేచనం అవుతూనే ఉండవచ్చు, వాంతులు ఉండకపోవచ్చు. అయినా ఇరుక్కున్న ముక్క లోపల కుళ్లిపోతుంది. విరేచనం అవుతోంది కదా, పరవాలేదు అని ఇంట్లో ఊరుకునే ప్రమాదం ఇందులోనే ఎక్కువ. కాబట్టి హెర్నియా ఉన్నవారిలో, అంతకుముందు లోపలికి వెళ్లే వాపు ఒక్కసారిగా గట్టిపడి లోపలికి వెళ్లకపోయినా, ముట్టుకుంటే నొప్పి పుట్టినా, పైచర్మం ఎర్రబడినా, వాంతులు మొదలైనా, విరేచనం అవుతోందా లేదా అన్న లెక్క చూడకుండా ఆ రాత్రికే ఆసుపత్రికి వెళ్లాలన్నారు. మూత్రాశయం దిగినవారిలో వీటికి తోడు మూత్రం ఆగిపోవడం, మూత్రంలో రక్తం పడటం కూడా లెక్కలోకి వస్తాయి.

ప్రొస్టేట్‌కు ముందు ఆపరేషన్ చేయాలా, హెర్నియాకు ముందు చేయాలా అన్న విషయం మీద సర్జన్, యూరాలజిస్టు (మూత్ర సంబంధ జబ్బుల వైద్యుడు) ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. అడ్డు అలాగే ఉంటే నేను మళ్లీ ముక్కుతాను, ముక్కితే బాగుచేసిన చోట ఒత్తిడి పడుతుంది. అలాగని మూత్రమార్గంలో పని చేసిన వెంటనే పక్కనే వల అమర్చితే ఇన్ఫెక్షన్ భయం. నా ప్రొస్టేట్ మరీ పెద్దది కాకపోవడంతో టామ్సులోసిన్‌కు ప్రొస్టేట్‌ను కుదించే డ్యూటాస్టెరైడ్ కలిపి, ముందు హెర్నియా సరిచేసి, ధార ఎలా ఉంటుందో చూద్దామని తేల్చారు. అనుమతి పత్రంలో మూత్రాశయానికి గాయం కావచ్చని, అవసరమైతే కొంత భాగం తీసివేయవచ్చని, వృషణానికి రక్తప్రసరణ తగ్గవచ్చని, గజ్జలో తిమ్మిరి గానీ నొప్పి గానీ మిగలవచ్చని, హెర్నియా తిరిగి రావచ్చని తెలుగులో రాసి ఉంది. ప్రతి వాక్యం చదివి, అర్థం కానిచోట అడిగి సంతకం పెట్టాను.

వెన్నులో మత్తు ఇచ్చారు కాబట్టి నేను మెలకువగానే ఉన్నాను. ఛాతీకి అడ్డంగా ఆకుపచ్చ గుడ్డ కట్టారు. గజ్జలో కోత వేసి కొంతసేపు పని చేశాక సర్జన్, "సెలైన్ వదలండమ్మా" అన్నారు. సిస్టర్ కాథెటర్‌లోకి సెలైన్ పంపుతూ అంకెలు చెబుతూ వచ్చింది. రెండు వందలు అనగానే ఆయన ఆపమన్నారు. కొవ్వులో కలిసిపోయి కనిపించని మూత్రాశయం గోడ నీరు నిండేకొద్దీ ఉబ్బి తన హద్దు తానే చూపిస్తుందని, దాన్ని చూసుకుంటూ చుట్టూ విడదీయాలని తర్వాత చెప్పారు. విడదీశాక నీరు తీసేయించి, మూత్రాశయాన్ని దాని చోటికి పంపారు. గోడ ఆరోగ్యంగా ఉండటంతో కోసి తీసివేయాల్సిన అవసరం రాలేదు. కుళ్లినా, గడ్డ ఉన్నా, మెడ మరీ సన్నదైనా ఆ భాగం తీసేస్తారట. వెనక గోడకు సుమారు 15 సెంటీమీటర్ల పొడవు, ఏడున్నర వెడల్పున్న పాలీప్రొపిలీన్ వల అమర్చారు. 1980లలో లాస్ ఏంజెలెస్‌లో లిక్టెన్‌స్టైన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. కండరాలను లాగి కుట్టకుండా వలతో ఆసరా ఇవ్వడం వల్ల తిరగబెట్టడం తగ్గింది.

కోలుకోవడం గురించి ముందుగా ఎవరైనా చెబితే మనసు కుదుటపడుతుంది కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. వృషణాల సంచి, దాని చుట్టుపక్కల చర్మం వంకాయ రంగుకు తిరిగాయి. చూడటానికి భయంగా ఉంటుంది గానీ, అది లోపల కమిలిన రక్తం కిందికి దిగడమే. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన సపోర్టర్ బిగించుకుంటే లాగడం తగ్గింది. దగ్గు వచ్చినప్పుడు గాయం మీద అరచేయి ఆనించి దగ్గమన్నారు. విరేచనానికి ముక్కకూడదని రాత్రిపూట ఇసబ్‌గోల్ తీసుకున్నాను. కాథెటర్‌ను వెంటనే తీయలేదు. వెన్ను మత్తు తర్వాత, పైగా ప్రొస్టేట్ ఉన్నవారిలో, మూత్రం బిగుసుకుపోయే అవకాశం ఉంటుంది. తీసిన రోజున ఒకే ధారగా, నొక్కాల్సిన పని లేకుండా మూత్రం వచ్చింది. ఎన్నాళ్ల తర్వాతో అలా జరిగినందుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంటికొచ్చాక కొన్నాళ్లకు అదే చోట మెత్తటి వాపు మళ్లీ కనిపించింది. మా అబ్బాయి హెర్నియా తిరగబెట్టిందనే అనుకున్నాడు. కానీ ఇది పడుకుంటే తగ్గలేదు, దగ్గితే ఉబ్బలేదు, మూత్రం పోస్తే మారలేదు. స్కాన్‌లో అది సెరోమా అని తేలింది. అంటే మూత్రాశయం ఖాళీ చేసి పోయిన చోట ఊరిన నీరు. దాన్ని సూదితో తీయించుకోవద్దని, సూది వెంట వల దాకా ఇన్ఫెక్షన్ వెళ్లవచ్చని సర్జన్ చెప్పారు. అది దానంతటదే ఇంకిపోయింది. కోత కింద తొడ పైభాగంలో అరచేయంత మేర స్పర్శ తెలియడం లేదు. ఆ దారిలో పోయే నరం ఒకటి కదలడం వల్ల అలా ఉంటుందట. అది కొంత తగ్గింది, కొంత మిగిలింది. నన్ను బాధపెట్టేది కాదు.

ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం (ఈహెచ్ఎస్) పెన్షనర్ల కార్డు మీద జరిగింది. అంతకుముందు బయట చేయించిన పరీక్షలకు మాత్రం మేమే పెట్టుకున్నాం. కార్డు మీద వెళ్లేవారు పాత రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు ఒక్కటీ వదలకుండా పట్టుకెళ్లాలి. హైడ్రోసీల్ అని రాసిన పాత రిపోర్టును కూడా సర్జన్ తెప్పించుకుని చూశారు. వాపు ఎంత కాలంలో ఎంత పెరిగిందో దాని కొలతల వల్లే తెలిసింది.

ఆరు నెలలకు తీసిన స్కాన్‌లో కుడి మూత్రపిండం ఉబ్బు పోయింది. పోసి వచ్చాక మిగిలే మూత్రం 40 మిల్లీలీటర్లకు తగ్గింది. క్రియాటినిన్ 1.1 దగ్గర నిలిచింది. ప్రొస్టేట్ బిళ్లలు సాగుతున్నాయి. ఎడమ గజ్జలో కూడా దగ్గినప్పుడు కొంచెం తాకిడి తెలుస్తోందని, ప్రస్తుతానికి చూస్తూ ఉందామని సర్జన్ అన్నారు. ప్రొస్టేట్‌కు ఎప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే, చేసే యూరాలజిస్టుకు కుడివైపు మూత్రాశయాన్ని వెనక్కి పంపిన సంగతి, వల ఉన్న చోటు తెలియాలి కాబట్టి, డిశ్చార్జి కాగితంతో సరిపెట్టకుండా ఆపరేషన్ నోట్సు నకలు అడిగి తీసుకున్నాను. దాన్ని, సిస్టోగ్రామ్ ఫిల్మును ఒకే ఫైలులో పెట్టి, ఆ ఫైలు ఎక్కడుందో ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను.